అసలును మించని వడ్డీ: తెలుగు నేలపై అప్పు చట్టాల చరిత్ర

అప్పు మీద వడ్డీ ఎంత పెరిగినా అది అసలును మించకూడదన్న నియమం ఈ దేశంలో సుమారు రెండు వేల ఏళ్లనాటిది. వంద ఇచ్చినవాడు పదేళ్లు ఆగి అడిగినా, ఇరవై ఏళ్లు ఆగి అడిగినా, అసలూ వడ్డీ కలిపి ఒక్కసారిగా రాబట్టుకోగలిగింది రెండు వందలే. మనుస్మృతి తగాదాలను పద్దెనిమిది రకాలుగా విడదీసి, మొదటి స్థానం రుణాదానానికి, అంటే అప్పుల వ్యాజ్యాలకు ఇచ్చింది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర తర్వాతి కాలంలో దక్షిణాదికి ప్రమాణగ్రంథమైంది. తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కేతన 13వ శతాబ్దంలోనే దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అప్పు ఎలా ఇవ్వాలి, ఎలా రాబట్టుకోవాలి, తీర్చలేనివాణ్ణి ఏం చేయాలి అన్న ప్రశ్నలు తెలుగులో అంత పూర్వమే శాస్త్రవిషయాలయ్యాయి.

ఆ శాస్త్రం బాకీదారుకు పూర్తి రక్షణ ఇచ్చిందనుకోవడానికి మాత్రం వీల్లేదు. కుదువ పెట్టిన అప్పుకు ధర్మవడ్డీ నెలకు ఎనభయ్యో వంతు, అంటే నూటికి రూపాయి పావలా. కుదువ లేని అప్పుకు బ్రాహ్మణుడి దగ్గర నెలకు నూటికి రెండు, క్షత్రియుడి దగ్గర మూడు, వైశ్యుడి దగ్గర నాలుగు, శూద్రుడి దగ్గర అయిదు పుచ్చుకోవచ్చునని మనుస్మృతి చెప్పింది. అట్టడుగువాడికే అత్యధిక వడ్డీ అన్నమాట. రెట్టింపు దాటకూడదన్న హద్దు కూడా బంగారానికీ నాణేలకే. ధాన్యం అప్పు యాజ్ఞవల్క్యుడి లెక్కలో మూడు రెట్ల దాకా, మనువు లెక్కలో అయిదు రెట్ల దాకా పెరగవచ్చు. నాణెం కంటబడని పేదవాడు తెచ్చుకునేది గింజలే కాబట్టి, ఎవరికి హద్దు ఎక్కువ అవసరమో వాళ్ల విషయంలోనే అది సడలింది. డబ్బు లేని బాకీదారు తనతో సమానమైన వర్ణంవాడికో, పై వర్ణంవాడికో చాకిరీ చేసి అప్పు తీర్చవచ్చునన్న అనుమతి కూడా అక్కడే ఉంది. తండ్రి అప్పు కొడుకు వడ్డీతో సహా తీర్చాలి, తాత అప్పయితే మనుమడు అసలు మాత్రం తీర్చాలి. తాగుడుకూ జూదానికీ తండ్రి చేసిన అప్పులు కొడుకును అంటవు. ఈ రెండు సంగతులూ, చాకిరీ ద్వారా తీర్చడం, కొడుకు మెడకు తండ్రి బాకీ చుట్టుకోవడం, తర్వాతి చరిత్రలో చాలా దూరం నడిచాయి.

పాత హద్దును చెరిపేసింది 19వ శతాబ్దం. వడ్డీ రేటు ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఒప్పందమే తప్ప ప్రభుత్వం తలదూర్చరాదన్న ఇంగ్లండు ఆర్థికవాదం అప్పటికి బలపడింది. 1855లో వచ్చిన 28వ నంబరు చట్టం వడ్డీ మీద ఉన్న పరిమితులను రద్దు చేసింది. అసలును మించరాదన్న నియమాన్ని దామ్‌దుపట్ పేరుతో బొంబాయి రాష్ట్రంలోనూ కలకత్తా నగరంలోనూ కోర్టులు పాటిస్తూ వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో దాన్ని పాటించలేదు. కోస్తా, రాయలసీమ జిల్లాల రైతు అలా ఆ రక్షణను పోగొట్టుకున్నాడు.

అదే కాలంలో రైతుకు రొక్కంతో పని పెరిగింది. రైత్వారీ జిల్లాల్లో రైతే నేరుగా సర్కారుకు శిస్తును కిస్తుల ప్రకారం నాణేల్లో కట్టాలి. పంట అమ్ముడుపోయేదాకా కిస్తు ఆగదు. శిస్తు బాకీపడితే భూమి వేలానికి వస్తుంది కాబట్టి రైతు షావుకారు గుమ్మం ఎక్కక తప్పేది కాదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక డెల్టా భూమికి విలువ వచ్చింది. విలువ వచ్చిన భూమి మీద అప్పు తేలిగ్గా పుడుతుంది, ఎగ్గొడితే ఆ భూమే పోతుంది. పూర్వం పంట మీద కన్నేసిన షావుకారు ఇప్పుడు పొలం మీద కన్నేశాడు. వెనుక కోర్టు ఉంది, డిక్రీ ఉంది, జప్తు చేయడానికి అమీను ఉన్నాడు.

అప్పుల వ్యాపారానికి ప్రాణం ప్రోనోటు. దాని నడక అర్థమైతే తప్ప ఒక చిన్న అప్పు ఎకరాలను ఎలా మింగిందో అర్థం కాదు. 1859 కాలపరిమితి చట్టం మామూలు చేబదుళ్లకూ నోట్లకూ మూడేళ్ల గడువు పెట్టింది. మూడేళ్లలోపు దావా వేయకపోతే నోటుకు కాలదోషం పడుతుంది. ఈ గడువు బాకీదారుకు మేలు చేస్తుందని చట్టం చేసినవాళ్లు అనుకున్నారు. జరిగింది తలకిందులైంది. గడువు దగ్గరపడేసరికి షావుకారు రెండు దారులు చూపేవాడు: దావా అయినా వేస్తాను, నోటైనా తిరగరాసి ఇవ్వు. నూటికి నెలకు రెండు రూపాయల బారువడ్డీకి తెచ్చిన వంద, మూడేళ్లకు 172 అవుతుంది. నోటు తిరగరాస్తే ఆ 172 కొత్త అసలు. మరో మూడేళ్లకు 296, తొమ్మిదో ఏడు నిండేసరికి దాదాపు 509. ఏ నోటులోనూ చక్రవడ్డీ అన్న మాట ఉండదు, కాని నోటు నుంచి నోటుకు చక్రవడ్డీ నడుస్తూనే ఉంటుంది. మధ్యలో రైతు కట్టిన సొమ్ముకు నోటు వెనక చెల్లు వేయించుకోకపోతే అది కోర్టులో లెక్కకు రాదు. చదువురాని మనిషి వేలిముద్ర వేసిన కాగితం మీద ఎంత అంకె ఉందో అతనికి తెలియదు. అసలు మొత్తాన్నే ఇచ్చిన దానికన్నా ఎక్కువగా రాయించుకోవడం, మొదటి ఏడాది వడ్డీ ముందే మినహాయించుకోవడం అన్ని జిల్లాల్లోనూ వాడుకలో ఉన్న పద్ధతులే.

1875 మే నెలలో పూనా జిల్లా సూపే గ్రామంలో రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి పత్రాలు తగలబెట్టారు. దక్కన్ అల్లర్లుగా పేరుపడిన ఆ తిరుగుబాటు తర్వాత 1879లో దక్కన్ రైతుల సహాయ చట్టం వచ్చింది. పత్రంలో రాసింది ఎలా ఉన్నా, లావాదేవీ మొదటినుంచీ తవ్వి అసలు సంగతి తేల్చమని ఆ చట్టం జడ్జీకి చెప్పింది. అది మొదట బొంబాయి రాష్ట్రంలోని కొన్ని జిల్లాలకే పరిమితం. తెలుగు రైతు దానికి సమానమైన చట్టం కోసం దాదాపు అరవై ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

అయితే తెలుగు దేశంలో ఒక మూల ఆ పాఠాన్ని ప్రభుత్వం అదే ఏడు నేర్చుకోవలసి వచ్చింది. 1879 మార్చిలో గోదావరి ఏజెన్సీలోని రంప కొండల్లో పితూరీ లేచింది. ఆ ప్రాంతాన్ని ఏలే మన్సబుదారు దౌర్జన్యం, కల్లు మీద పన్ను ప్రధాన కారణాలు. వాటితోపాటు పల్లపు ప్రాంతం వర్తకుల అప్పులూ ఉన్నాయి. నోటిమాట మీద జరిగిన బేరాలకు వర్తకులు దూరాన ఉన్న కోర్టుల్లో దావాలు వేసేవారు. సమన్లు అర్థంకాక, కొండ దిగి వెళ్లలేక కొండరెడ్లు హాజరయ్యేవారు కారు. ఏకపక్షంగా డిక్రీలు వచ్చేవి, పశువులూ పంటలూ జప్తు అయ్యేవి. ప్రభుత్వం తిరుగుబాటును సైన్యంతో అణచింది. కొండవాళ్లు మామూలు కోర్టుల్లో వర్తకులతో సరితూగలేరని కూడా దానికి తెలిసివచ్చింది. 1917 నాటి ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం ఆ ఎరుక ఫలితమే. ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ చెల్లదు, చక్రవడ్డీ చెల్లదు, మొత్తం వడ్డీ అసలును మించరాదు, గిరిజనుడి భూమి అనుమతి లేకుండా గిరిజనేతరుడికి పోరాదు. మద్రాసు రాష్ట్రం మైదానంలో పాటించని పాత నియమం కొండల్లో చట్టమై నిలిచింది. విశాఖ కొండల్లో అప్పుకు బదులు ఏళ్ల తరబడి చాకిరీ చేయించుకునే గోతి పద్ధతిని ఆపడానికి 1940లో మరో రెగ్యులేషన్ వచ్చింది. భూబదిలీ నిషేధమే తర్వాత 1959, 1970 రెగ్యులేషన్ల రూపంలో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాలకు ఆధారమైంది. అప్పుల చట్టాల్లో ఎక్కువకాలం నిలిచి, ఎక్కువమందికి భూమి మిగిల్చిన మార్గం ఇదే. కారణం కూడా స్పష్టమే. వడ్డీకి హద్దు పెట్టడంతో ఊరుకోకుండా, షావుకారు ఆశించే భూమిని బేరంలోంచే తొలగించింది.

నిజాం పాలనలోని తెలంగాణలో పేదవాడి అప్పు ఎక్కువగా గింజల రూపంలోనే ఉండేది. విత్తనాల వేళ దేశ్‌ముఖు గరిసెల్లోంచి తెచ్చుకున్న వడ్లకు కోతల వేళ ఒకటిన్నర రెట్లు కొలవాలి. దీన్నే నాగు అనేవారు. ఆరు నెలలకు సగానికి సగం వడ్డీ. ఒక ఏడు పంట పోయి నాగు తీరకపోతే, మరుసటి ఏడు పుట్టికి రెండుంబావు పుట్లు కొలవాలి. అది తీరనివాడి చేతిలో మిగిలేది ఒళ్లే. పెళ్లికో చావుకో తెచ్చిన కొద్దిపాటి అప్పు కింద మనిషి భగేలాగా దొర ఇంట్లో చేరతాడు, తిండిగింజలు ఇస్తారు, అప్పు మాత్రం తగ్గదు, అతని తర్వాత కొడుకు చేరతాడు. భగేలాల్లో ఎక్కువమంది దళిత కులాలవారు. స్మృతులు చెప్పిన ఆ రెండు సంగతులూ ఇక్కడ ఒకే మనిషి మీద పడ్డాయి. 1936లో హైదరాబాదు ప్రభుత్వం భగేలా ఒప్పందాలను నియంత్రించే రెగ్యులేషన్ తెచ్చింది. భూమి అన్యాక్రాంతం కాకుండా మరో చట్టం, వడ్డీవ్యాపారుల మీద ఇంకో చట్టం చేసింది. అమలు చేయవలసిన పటేలు, పట్వారీలు దొరల చేతిలో ఉన్నప్పుడు ఇవి కాగితాలు దాటలేదు. 1944 భువనగిరి సభ తర్వాత పల్లెల్లోకి చొచ్చుకుపోయిన ఆంధ్ర మహాసభ సంఘాలు వెట్టితోపాటు నాగునూ ఎదిరించాయి. 1946 జులైలో కడివెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాక పోరాటం ముదిరింది. సంఘం చేతికొచ్చిన ఊళ్లలో జనం గడీల మీద పడి అప్పు పత్రాలను కుప్పపోసి కాల్చారు.

ఆదిలాబాదు గోండుల మధ్య మరో రకం ప్రయత్నం జరిగింది. 1940లో తిరుగుబాటు చేసిన గోండు నాయకుడు కుమ్రం భీము మరణం తర్వాత ఆ ప్రాంతాన్ని పరిశీలించడానికి ప్రభుత్వం నియమించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ధాన్యం బ్యాంకులకు పూనుకున్నాడు. పంటకాలంలో గింజలు జమ, కరువునెలల్లో తక్కువ వడ్డీకి గింజలే అప్పు. నాగుకు విరుగుడుగా గింజల్లోనే అప్పు ఏర్పాటు చేయడం ఆ ఆలోచనలోని వివేకం.

షావుకారుకు పోటీగా మరో రుణదాతను నిలబెట్టాలన్న ఆలోచన మద్రాసులో అంతకు ముందే మొదలైంది. ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి యూరపు పల్లెల రుణసంఘాలను చదివి 1895, 1897ల్లో రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. జర్మనీలో రైతుల పరస్పర హామీతో సంఘాలు నడిపిన రైఫైజెన్ లాంటివాడు మనకు కావాలన్నదే దాని సారాంశం. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించాడు. ఇవి ఎదిగాయి గాని పేదరైతు దాకా చేరలేదు. 1951-52లో రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం, రైతు తెచ్చే అప్పులో సహకార సంఘాల వాటా దేశం మొత్తం మీద నూటికి మూడు మాత్రమే. సుమారు డెబ్బై వంతులు వడ్డీవ్యాపారులదే.

1929 తర్వాత ఆర్థికమాంద్యం మద్రాసు రాష్ట్రంలో అప్పుల సమస్యను రాజకీయాల నడిమధ్యకు తెచ్చింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి ధర కూలిపోయింది. నోటు మీద అంకె అలాగే ఉంది, దాన్ని తీర్చడానికి అమ్మవలసిన బస్తాలు రెట్టింపయ్యాయి. రాష్ట్రంలో వ్యవసాయ రుణభారాన్ని 1930లో బ్యాంకింగ్ విచారణ సంఘం 150 కోట్ల రూపాయలుగా అంచనా వేస్తే, 1935లో సత్యనాథన్ నివేదిక 200 కోట్లని చెప్పింది. ఎన్.జి. రంగా నడిపిన రైతు ఉద్యమం రుణవిముక్తిని ముఖ్యమైన కోర్కెగా పెట్టుకుంది. 1937లో అధికారానికి వచ్చిన రాజాజీ ప్రభుత్వం మరుసటి ఏడు మద్రాసు వ్యవసాయదారుల సహాయ చట్టం తెచ్చింది.

ఇది ఆ కాలానికి చాలా ధైర్యమైన చట్టం. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు. అసలూ వడ్డీ పేరుతో అప్పటికే అసలుకు రెట్టింపు చెల్లించి ఉంటే బాకీయే రద్దు. తిరగరాసిన నోట్లను విప్పి మొదటి అప్పు దాకా వెనక్కి వెళ్లి అసలు ఎంతో తేల్చాలి. 1932 తర్వాతి అప్పులకు వడ్డీ నూటికి అయిదు, చట్టం వచ్చాక చేసే అప్పులకు ఏడాదికి ఆరుంబావు మించరాదు. మద్రాసు కోర్టులు గుర్తించని పాత నియమం ఇలా శాసనసభ ద్వారా మైదానం జిల్లాలకు తిరిగి వచ్చింది. ప్రోనోట్ల విషయంలో రాష్ట్రానికి అధికారం లేదంటూ పోరాడిన కేసు ఫెడరల్ కోర్టు దాకా వెళ్లింది. 1940లో వచ్చిన తీర్పు చట్టాన్ని నిలబెట్టింది.

లాభం ఎవరికి దక్కిందన్నది వేరే ప్రశ్న. పట్టా ఉన్న రైతుకు దక్కింది. నోటు ఉన్నవాడికి, చెల్లు వేయించుకున్నవాడికి, వకీలును పెట్టుకోగలిగినవాడికి దక్కింది. భూమిలేని కూలీకి అప్పు నోటిమాట మీద ఉంటుంది. రెట్టింపు కట్టానని అతను రుజువు చేయలేడు. యుద్ధకాలంలో ధాన్యం ధర పెరిగి మోతుబరులు బాకీలు తీర్చేశారు. 1946లో ఆర్థికశాస్త్రజ్ఞుడు బి.వి. నారాయణస్వామి నాయుడు చేసిన విచారణలో పెద్దరైతుల అప్పు తగ్గిందనీ, కౌలుదార్ల, కూలీల అప్పు పెరిగిందనీ తేలింది. షావుకార్లు కూడా కొత్త దారులు వెతుక్కున్నారు. తనఖా బదులు ఏకంగా విక్రయ దస్తావేజే రాయించుకుని, బాకీ తీరిస్తే తిరిగి రాసిస్తామని నోటిమాట చెప్పడం వాటిలో ఒకటి. ఆ నోటిమాట నమ్మి పొలం పోగొట్టుకున్న కుటుంబాల వ్యాజ్యాలు దశాబ్దాల పాటు నడిచాయి.

పట్నంలోని చిల్లర వర్తకుడికీ, చిరుద్యోగికీ వ్యవసాయదారుల సహాయ చట్టం వర్తించదు. వాళ్లకు మిగిలింది ఐపీ పెట్టడం, అంటే దివాలా పిటిషను వేయడం. తీర్చలేని బాకీదారును డిక్రీదారు అరెస్టు చేయించి సివిల్ జైలుకు పంపే పద్ధతి 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ కొనసాగింది. జైల్లో అతని బత్తెం ఖర్చు జైలుకు పంపినవాడే కట్టాలి. అదే కోడ్ నాగలి, సాగుకు కావలసిన పశువులు, చేతివృత్తి పనిముట్లు, వంటపాత్రలు, కట్టుబట్టలు జప్తు చేయరాదని కూడా చెప్పింది. 1907లో వచ్చి 1920లో కొత్త రూపం తీసుకున్న ప్రావిన్షియల్ దివాలా చట్టం మరో తలుపు తెరిచింది. బాకీదారు తానే కోర్టుకు వెళ్లి ఆస్తి మొత్తం అప్పగిస్తే, రిసీవరు దాన్ని అమ్మి అప్పిచ్చినవాళ్లందరికీ నిష్పత్తి ప్రకారం పంచుతాడు. అరెస్టు నుంచి రక్షణ దొరుకుతుంది, చివరికి విడుదల ఉత్తర్వు వస్తే మిగిలిన బాకీ పోతుంది. ఐపీకి ముందు రెండేళ్లలో బంధువుల పేర ఊరికే రాసిన ఆస్తిని వెనక్కి లాగే అధికారం కోర్టుకు ఉంది. అయినా ఐపీ పెట్టినవాడంటే ఆస్తి దాచుకుని జనాన్ని ముంచినవాడన్న ముద్ర తెలుగు సమాజంలో బలంగా పడింది. కొందరు నిజంగానే అలా చేశారు. వాళ్ల మూలంగా నిజాయితీగా చితికిపోయినవాడు కూడా సిగ్గుతో కోర్టు మెట్లు ఎక్కడు. ఈ ముద్ర ఎన్ని కుటుంబాలకు చట్టం ఇచ్చిన దారిని మూసేసిందో చెప్పలేం. చేతకాక తీర్చలేకపోవడం నేరం కాదని, ఉండీ ఎగ్గొట్టేవాణ్ణి తప్ప ఎవరినీ బాకీ కోసం జైలుకు పంపరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు వచ్చిన 1936 సవరణ చెప్పింది. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ మాటను రాజ్యాంగంలోని జీవించే హక్కుతో ముడిపెట్టాడు.

స్వాతంత్ర్యం తర్వాత పెద్ద మలుపు 1975. ఆ అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు, దాని స్థానంలో 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, అప్పుకు బదులు చాకిరీ చేయించుకోవడాన్ని నేరం చేసి, ఆ అప్పులనే రద్దు చేశాయి. 1977లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ రుణవిముక్తి చట్టం చిన్నరైతుల, భూమిలేని కూలీల, చేతివృత్తులవారి ప్రైవేటు బాకీలను కొట్టివేసింది. పాత బాకీ పోయినంత మాత్రాన వచ్చే ఏటి పెట్టుబడి పుట్టదు. నిరుడు బాకీ రద్దయిన షావుకారు ఈ ఏడు అప్పివ్వడు, ఇచ్చినా మరింత ప్రియం. బ్యాంకులు 1969లో జాతీయమయ్యాక పల్లెలకు వచ్చాయి గాని, అవి చూసేది పట్టాదారు పాసుపుస్తకాన్ని. కౌలురైతుకు అది ఉండదు.

1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి పంట పురుగుబారిన పడి పోయినప్పుడు, ఆ అప్పుల పర్యవసానం రైతుల ఆత్మహత్యల రూపంలో రాష్ట్రం కళ్లముందుకు వచ్చింది. అప్పటి పత్తిరైతుకు విత్తనం, ఎరువు, పురుగుమందు అప్పుగా ఇచ్చేవాడూ, పంట కొనేవాడూ చాలాచోట్ల ఒకడే. ధరా అతనిదే, వడ్డీ అతనిదే. 2003 నాటి జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో నూటికి 82 అప్పుల్లో ఉన్నాయి, దేశంలో అదే ఎక్కువ. 2019 సర్వే నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో 93, తెలంగాణలో 92కు చేరువైంది. 2004 జూన్‌లో వచ్చిన 421వ నంబరు జీవో, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయంతోపాటు, అప్పులవాళ్లతో ఒకేసారి తెగతెంపులు చేసుకోవడానికి 50 వేల వరకు కేటాయించింది. మనిషి పోయాక కూడా అప్పు ఆ ఇంటి గుమ్మంలో నిలబడుతుందని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భం అది. చట్టం దృష్టిలో, చనిపోయినవాడి బాకీకి వారసుల బాధ్యత వాళ్లకు సంక్రమించిన ఆస్తి మేరకే. ఆ అప్పుకు హామీ సంతకం పెట్టని భార్య తన సొంత సంపాదనలోంచి తీర్చనక్కరలేదు. 2005 హిందూ వారసత్వ సవరణ తర్వాత చేసిన అప్పులకు, కొడుకు కాబట్టి తండ్రి బాకీ తీర్చాలన్న పాత ధర్మాన్ని ఏ కోర్టూ గుర్తించదు. ఈ సంగతి తెలియక ఇప్పటికీ ఎందరో వితంతువులు పుస్తెలు అమ్మి బాకీలు కడుతున్నారు.

1990ల నుంచి డ్వాక్రా సంఘాల పొదుపు ఉద్యమం ఆడవాళ్ల చేతికి బ్యాంకు రుణం తెచ్చింది. 2004 తర్వాత పావలా వడ్డీ పథకం కింద, సక్రమంగా కట్టిన సంఘాలకు ఏడాదికి నూటికి మూడు రూపాయలు పోను మిగతా వడ్డీ ప్రభుత్వమే భరించింది. సంఘాలుగా అలవాటుపడిన ఈ ఆడవాళ్ల దగ్గరికే సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. అయిదుగురికి కలిపి హామీ, వారం వారం వాయిదా, యాభై వారాల్లో అప్పు తీరాలి. వారం వారం అసలు తగ్గుతున్నా వడ్డీని మొదటి మొత్తం మీదే కడితే, చెప్పిన రేటుకన్నా నిజమైన రేటు దాదాపు రెట్టింపవుతుంది. ఒక సంస్థ వాయిదా కట్టడానికి మరో సంస్థ దగ్గర అప్పు. 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం కొన్ని సంస్థల శాఖలను మూయించింది. ఆ హెచ్చరికను ఎవరూ పట్టించుకోలేదు. 2010 నాటికి దేశంలో సూక్ష్మరుణాలకు అతిపెద్ద కేంద్రం ఆంధ్రప్రదేశే. వాయిదా తప్పిన ఇంటి ముందు గ్రూపు సభ్యులను కూర్చోబెట్టడం, బిడ్డల ముందు తిట్టడం, ఆ అవమానం భరించలేక ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు వరసగా వచ్చాయి. అక్టోబరులో ఆర్డినెన్సు, 2011లో చట్టం వచ్చాయి. ప్రతి సంస్థా జిల్లాలో నమోదు కావాలి, వసూళ్లు ఇంటి దగ్గర కాక పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలి, వడ్డీ అసలును మించరాదు. స్మృతుల నాటి నియమం ఇరవైయొకటో శతాబ్దపు కంపెనీకి వర్తించింది.

చట్టం వేధింపును ఆపింది. ఆ వెంటనే వసూళ్లు ఆగాయి, కొత్త రుణాలూ ఆగాయి. చాలామంది ఆడవాళ్లు తిరిగి రోజువారీ ఫైనాన్సు వాళ్ల దగ్గరికే వెళ్లారు. 1977 నాటి లోపం మళ్లీ కనిపించింది. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్ మనీ దందా, ఏ రిజిస్టరులోనూ లేని ఆ వడ్డీవ్యాపారం ఎంత క్రూరంగా ఉంటుందో చూపింది. 2020 చివరికి అదే క్రూరత్వం ఫోన్ యాప్‌ల రూపంలో హైదరాబాదుకు వచ్చింది. ఫోన్‌లోని నంబర్లన్నిటికీ మెసేజీలు పంపి పరువు తీయడం ఆ యాప్‌ల వసూలు పద్ధతి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2011 చట్టం మాత్రం రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న సంస్థలకు వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తేల్చింది.

రుణమాఫీలు అందరికీ తెలిసినవే: 1990, 2008ల్లో కేంద్రం, 2014లో రెండు తెలుగు రాష్ట్రాలు, 2024లో తెలంగాణ. వీటన్నిటి పరిధీ బ్యాంకు, సహకార రుణాలే. వడ్డీవ్యాపారి నోటు వీటికి అందదు. కౌలురైతుకు బ్యాంకు రుణం అందేలా 2011లో రుణ అర్హత కార్డుల చట్టం, ప్రైవేటు బాకీల మీద విచారించడానికి 2016లో తెలంగాణ రుణవిముక్తి కమిషన్ చట్టం వచ్చాయి. మాఫీలకు పెట్టిన డబ్బులో, శ్రద్ధలో చిన్న భాగం కూడా వీటికి దక్కలేదు. దక్కి ఉంటే మేలు ఎక్కువ జరిగేది.

2016లోనే కేంద్రం దివాలా స్మృతి తెచ్చింది. ఏడాదికి 60 వేల రూపాయల లోపు ఆదాయం, 20 వేల లోపు ఆస్తి, 35 వేల లోపు అర్హమైన బాకీ ఉండి, సొంత ఇల్లు లేనివాళ్లకు బాకీలు కొట్టివేసి కొత్తగా బతుకు మొదలుపెట్టనిచ్చే విధానం అందులో ఉంది. కంపెనీలకు సంబంధించిన భాగం ఆ ఏడే అమలైంది. వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు నుంచి కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లో ఉంది. మామూలు మనిషి బాకీల నుంచి బయటపడాలంటే ఇప్పటికీ సివిల్ కోర్టులో 1920 చట్టం కిందే పిటిషను వేయాలి. ఆ చట్టంలో అందుకు ఉండవలసిన కనీస బాకీ అయిదు వందల రూపాయలు.